సెంటర్‌బోర్డు తాడు: తెగకముందే మార్చాల్సింది

ట్రైలర్ మీద తీసుకెళ్లే చిన్న తెరచాప పడవలో అన్నిటికన్నా చవకైన సామాన్లలో ఒకటి సెంటర్‌బోర్డును పైకి లాగే తాడు. నీళ్లలో ఉండగా అది తెగిందంటే మాత్రం పడవ తిరిగి ట్రైలర్ ఎక్కడం గగనమే. బోర్డు అడుగున వేలాడుతూ ఉంటుంది, పైకి రాదు.

ఎదురుగాలికి ఏటవాలుగా సాగేటప్పుడు తెరచాప మీద పడే బలంలో ఎక్కువ భాగం పడవను ముందుకు కాక పక్కకే నెడుతుంది. నీటిలోకి నిలువుగా దిగిన పలక ఒకటి ఉంటేనే ఆ నెట్టుడు ఆగుతుంది. ఇలాంటి చిన్న పడవల్లో ఆ పలకే సెంటర్‌బోర్డు. పెద్ద పడవల్లో ఆ పని కదలని కీల్ చేస్తుంది. కానీ అలాంటి కీల్ ఉన్న పడవను లోతు తక్కువ ఒడ్డుకు తేలేరు, కారు వెనక ట్రైలర్ మీదికి ఎక్కించడం కూడా పెద్ద తతంగం. పైకి తీసుకోగల పలక ఆలోచన చాలా పాతది. బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ షాంక్ 1774లో బోస్టన్‌లో జారే కీల్ ఉన్న పడవ కట్టించాడు. 1811లో న్యూజెర్సీకి చెందిన స్వెయిన్ సోదరులు సెంటర్‌బోర్డుకు అమెరికాలో పేటెంట్ పొందారు.

హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తిరిగే ఆప్టిమిస్ట్, లేజర్ పడవల్లో ఉండేది సెంటర్‌బోర్డు కాదు, డాగర్‌బోర్డు. దాన్ని చేత్తో నిలువుగా దించి, చేత్తోనే పైకి తీసేస్తారు. దానికి ఈ తాడు బాధ లేదు. సెంటర్‌బోర్డు ముందు మూల ఒక ఇరుసుకు బిగించి ఉంటుంది. వెనక కొస కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది. అడుగున ఇసుక దిబ్బ తగిలితే విరక్కుండా తనంతట తానే వెనక్కి మడుచుకుంటుంది. పైకి లేచినప్పుడు అది దాక్కునే ఇరుకైన పెట్టెను ట్రంకు అంటారు. తాడు బోర్డు వెనక భాగం నుంచి బయల్దేరి ట్రంకులోంచి, ఒక గొట్టంలోంచి, గిలక మీదుగా పైకి వచ్చి నావికుడి చేతికందే, తాడు బిగించే క్లీటు దగ్గర ఆగుతుంది. అరిగేది ఆ దారిలోనే కాబట్టి అరుగుదల ఎవరికీ కనపడదు.

అన్ని బోర్డులూ ఒకే బరువు ఉండవు. ఉఫా ఫాక్స్ రూపకల్పన చేసిన డే సైలర్ వంటి దాదాపు 17 అడుగుల పడవలో బోర్డు తేలిక, తాడు చేత్తోనే లాగవచ్చు. ఫ్రాంక్ బట్లర్ రూపొందించిన కాటలీనా 22 సంగతి వేరు. ఇవి 15,000కు పైగా తయారయ్యాయి. వీటిలో ఇరుసు మీద పైకి మడిచే స్వింగ్ కీల్ ఉన్న రకంలో కింద వేలాడేది సుమారు 250 కిలోల పోత ఇనుము. దాన్ని పైకి మడిస్తే పడవకు రెండడుగుల నీళ్లు చాలు, దించితే ఐదడుగులు కావాలి. అంత బరువును తాడుతో లాగలేరు కాబట్టి దానికి వించ్ (వైరును చుట్టే యంత్రం), స్టీలు వైరు ఉంటాయి. ఆ వైరు తెగితే పోయేది వైరు ఒక్కటే కాదు. కీల్ ఒక్కసారిగా కిందికి పడి ట్రంకును పగలగొట్టగలదు.

బోర్డును చాలామంది పూర్తిగా పైకో పూర్తిగా కిందికో ఉంచుతారు. దాంతో తాడులో ఎప్పుడూ ఒకే చోటు గిలక మీద రాసుకుంటుంది, తెగేది కూడా చాలాసార్లు అక్కడే. ఉప్పునీటి పడవల్లో ట్రంకు లోపల పెరిగే గవ్వపురుగులు (బార్నకిల్స్) తాడును రంపంలా కోస్తాయి. ఎండ తగిలే పైకొస గట్టిపడి పెళుసవుతుంది. వైరుకైతే సన్నని పోగులు తెగి ముళ్లలా పైకి లేస్తాయి. చేతికి ఒక్క ముల్లు గుచ్చుకున్నా ఆ వైరును మార్చాల్సిందే, ఇక దాన్ని నమ్మకూడదు.

అసలు కష్టం తాడు మార్చడంలో లేదు, బోర్డును కిందికి దించడానికి చోటు దొరకడంలో ఉంది. ట్రైలర్ మీద పడవ కూర్చున్నప్పుడు ట్రంకు నోటి కింద ట్రైలర్ అడ్డకమ్మీ ఉంటుంది. తేలికైన చిన్న పడవ (డింగీ) అయితే తెరచాప స్తంభం తీసేసి, గడ్డి మీద పాత టైర్లు పరిచి పక్కకు ఒరిగిస్తే బోర్డు పూర్తిగా బయటికి వస్తుంది. బరువైన పడవకు అన్నిటికన్నా మంచిది రేవులోని క్రేన్. రెండు వెడల్పాటి బెల్టుల్లో పడవను గాల్లోకి లేపి, బోర్డును దించి, పక్కనుంచి పని చేసుకోవచ్చు. క్రేన్ అందుబాటులో లేనివాళ్లు జాకీలతో పడవను కొంచెం కొంచెంగా లేపుతూ, ప్రతిసారీ కింద కట్టె దుంగలు పేరుస్తూ, చివరికి ట్రైలర్‌ను కిందనుంచి లాగేస్తారు. ఇది ఒక రోజు పని, తొందరపడేవాళ్లకు తగదు. పద్ధతి ఏదైనా బరువైన కీల్ కిందికి మనిషి వెళ్లేముందు దాని కింద గట్టి దిమ్మలు ఉండాలి. పడవ బెల్టుల్లో వేలాడుతున్నప్పుడు, జాకీ ఒక్కదాని మీద నిలబడి ఉన్నప్పుడు దాని కింద ఎవరూ దూరకూడదు.

బోర్డు అందుబాటులోకి వచ్చాక పాత తాడును బోర్డు దగ్గర విప్పాలి, కానీ గొట్టంలోంచి బయటికి లాగేయకూడదు. పైజామా బొందు మార్చేటప్పుడు పాత బొందు కొసకే కొత్తది కట్టి లాగే ఉపాయం ఇక్కడా పనికొస్తుంది. తేడా ఏమిటంటే ముడి వేయకూడదు, అది గొట్టంలోనో గిలక దగ్గరో ఇరుక్కుంటుంది. రెండు కొసలను ఎదురెదురుగా ఆనించి, గట్టి దారంతో కుట్టి, పైన టేపు నున్నగా చుట్టాలి. బోర్డుకు తగిలించే కొసకు ముందే కన్ను (ఉచ్చు లాంటి కొస) అల్లి ఉంటే, మామూలు కొసను పాత తాడు కింది కొసకు కుట్టి పైనుంచి లాగడం తేలిక. పాత తాడు అప్పటికే తెగి గొట్టం ఖాళీగా ఉంటే, చిన్న సీసం గుండు కట్టిన సన్నని నైలాన్ దారాన్ని పైనుంచి జారవిడుస్తారు. వంపులుంటే కరెంటు పనివాళ్లు పైపుల్లోకి వైర్లు దూర్చడానికి వాడే స్టీలు పట్టీ పనికొస్తుంది.

తాడు ఎంపికలో నైలాన్‌ను పక్కన పెట్టడం మేలు. లంగరు తాడుకు దాని సాగే గుణం మంచిదే గానీ ఇక్కడ అదే లోపం. పైకి లాగి కట్టిన బోర్డు మెల్లగా కిందికి జారుతుంది. అల్లిన పాలిస్టర్ తాడు సరిపోతుంది. డైనీమా అనే కృత్రిమ పోగుతో చేసిన తాడు ఇంకా తక్కువ సాగుతుంది, బరువుతో పోల్చి చూస్తే స్టీలుకన్నా ఎంతో బలమైనది. అయితే అది నున్నగా జారుతుంది, మామూలు ముడి నిలవదు, కొసను తిరగేసి అల్లాలి. లావు విషయంలో పాత కొలతే ప్రమాణం. లావుపాటి తాడు గొట్టంలో పట్టదు. మరీ సన్ననిదైతే గిలక చక్రానికీ దాని చెంపకూ మధ్య సందులోకి జారి బిగుసుకుంటుంది. బలం పెరిగింది కదా అని సన్నని డైనీమా వేసేవాళ్లకు ఎదురయ్యేది ఈ తిప్పలే.

బోర్డులోని రంధ్రంలోంచి తాడు దూర్చి చివర ఎనిమిది అంకె ఆకారపు ముడి వేయడం అందరూ చేసే పద్ధతి. ముడి బోర్డు పక్క గుంటలో పూర్తిగా ఇమడాలి, లేకపోతే ట్రంకు గోడకు రాసుకుని బోర్డు పట్టేస్తుంది. రంధ్రం అంచులు పదునుగా ఉంటే ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దాలి. షాకిల్‌తో (పిన్నుతో మూసే లోహపు కొక్కెంతో) తగిలిస్తే దాని పిన్ను ఊడకుండా సన్నని తీగతో కట్టాలి. స్టీలు వైరు కొసను లోహపు కన్ను చుట్టూ తిప్పి రాగి స్లీవులతో నొక్కాలి. ఉప్పునీటిలో అల్యూమినియం స్లీవులు తొందరగా క్షయించిపోతాయి. వించ్ మీద, బోర్డు పూర్తిగా దిగినప్పుడు కూడా నాలుగైదు చుట్లు మిగిలేంత పొడవు వైరు ఉండాలి.

బోర్డు దించిన రోజే ఇరుసునూ గిలకనూ చూసుకోవాలి. ఇరుసు అరిగి సన్నబడితే, గిలక తిరగకుండా పట్టేస్తే కొత్త తాడు కూడా ఎక్కువ కాలం నిలవదు. వైరు పైకి వచ్చే రబ్బరు గొట్టాన్నీ దాని క్లాంపులనూ తప్పకుండా పరీక్షించాలి. ఆ గొట్టం చిరిగితే నీళ్లు నేరుగా పడవలోకే వస్తాయి. ఇక్కడ పొదుపు అనవసరం, అనుమానమొస్తే కొత్తది వేయాలి.

చివరగా తాడు పైకొసకు ముడి వేయాలి, చేయి జారినా గొట్టంలోకి పోకుండా ఉంటుంది. బోర్డును నాలుగైదుసార్లు దించి లేపి చూడాలి. పూర్తిగా పైకి, సగం వరకు అన్న స్థానాల దగ్గర తాడు మీద రంగు దారం చుట్టుకుంటే నీళ్ల మీద అంచనా వేయాల్సిన అవసరం ఉండదు. పడవను తిరిగి ట్రైలర్ మీద పెట్టాక బోర్డును ట్రైలర్ కమ్మీ మీద ఆనేదాకా వదలాలి. రోడ్డు మీద ప్రయాణమంతా ఆ బరువును మోయాల్సింది కమ్మీయే, తాడు కాదు.