నాలుగు చింతగింజల లెక్కల క్లాసు

మా షాద్‌నగర్ అరుగుల మీద అష్టాచెమ్మా ఆడించే అవ్వలంతా నా దృష్టిలో లెక్కల టీచర్లే. నమ్మరా? ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతగింజలు వేస్తే 16 రకాలుగా పడొచ్చు. వాటిలో రెండు తెలుపు, రెండు నలుపు వచ్చేవి 6. నాలుగూ తెల్లగా పడే ‘చెమ్మా’ ఒక్కటే, అన్నీ నల్లగా పడే ‘అష్టా’ ఒక్కటే. ఇంజనీరింగ్‌లో నేను చదివిన ప్రాబబిలిటీ మొదటి పాఠం ఇదే!

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లల్ని 10 రోజులు బ్యాగు లేకుండా ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర నేర్చుకోమంది. ఆ రోజులు కూడా స్లిప్ టెస్టులకే పోతే అవ్వతోపాటే ఆటా పోతుంది. మీరు చదివిన బడికెళ్లి ఒక్కమాట అడగండి: “సార్, ఒకరోజు మా అవ్వని క్లాసుకి తీసుకురానా?”