మురుగు బోదె వాలును లెక్కించు విధము

కాట్రేనికోన ప్రాంతపు పొలములు సముద్రమునకు చేరువనున్న పల్లపు భూములు. సార్వాలో పడిన వాననీరు ఎంత త్వరగా దిగిపోవునో, వరిపైరు క్షేమము దానిపై నాధారపడియున్నది. 2011వ సంవత్సరమున కోనసీమ రైతులు సార్వాకు పంటవిరామము ప్రకటించినప్పుడు చెప్పిన కారణములలో గిట్టుబాటు ధర లేకపోవుటతోపాటు మురుగు దిగకపోవుటయు నొకటి. కావున బోదె త్రవ్వుటకు ముందు దాని వాలును లెక్కించు విధమును సభ్యులకు వివరించుచున్నాము.

బోదె యడుగు దిగిన లోతును దాని పొడవుచే భాగింపగా వచ్చు భిన్నమే వాలు. ముందుగా రెంటిని ఒకే కొలతలోనికి మార్చవలెను. సెంటీమీటర్లను మీటర్లచే భాగించినచో లెక్క నూరురెట్లు తప్పును.

ఒక బోదె 1,800 మీటర్ల పొడవున 30 సెంటీమీటర్లు దిగినదనుకొందము. వేరొకటి 1,200 మీటర్లలో 24 సెంటీమీటర్లు దిగినది. మొదటిదాని వాలు 30/1,80,000. లవహారములను 30చే భాగింపగా 1/6,000. రెండవది 24/1,20,000, 24చే భాగింపగా 1/5,000. మొత్తము దిగుడు మొదటిదానికే హెచ్చయినను, వాలు రెండవదానికే హెచ్చు. కనిష్ఠరూపమునకు తెచ్చినగాని యీ సంగతి తేటపడదు. పెద్ద భాజకము తోచనిచో 2, 3, 5లచే వరుసగా భాగించుచు, 1 తప్ప ఉమ్మడి భాజకము లేనప్పుడు ఆగవలెను. ఇందువలన వాలు మారదు. పండ్రెండు బస్తాలలో మూడు కౌలుకిచ్చితిమన్నను, నాల్గింట నొకటి యిచ్చితిమన్నను ధాన్యమొక్కటే గదా!

1/5,000 వాలనగా ప్రతి 100 మీటర్లకు 2 సెంటీమీటర్ల దిగుడు. 100 మీటర్ల కొక మేకు పాతి, తాపీపనివారు వాడు నీటిగొట్టముతో మట్టము చూచినచో, ఎచ్చట పూడిక పెరిగినదో, ఎచ్చట గొయ్యి పడినదో తెలియును. రెండు కొనలను మాత్రమే కొలిచినచో నడుమనున్న మిట్ట లెక్కకు రాదు. బోదె కలియు కాలువలో పోటువేళ నీరు పొలముకంటె ఎత్తుగా నిలుచునెడల, ఎంత వాలున్నను మురుగు దిగదు; కావున ఆ మట్టమును గూడ చూడవలెను.

బోదె పలువురి పొలముల వెంబడి పోవునది. ఒక్కరు తమ చేని మేరకే లోతుగా త్రవ్వినచో అచట గొయ్యి యేర్పడి నీరు నిలుచును. క్రింది రైతుకును మేలులేదు. కావున సభ్యులందరును సార్వాకు ముందే కలసి మట్టము చూచి, ఒకే వాలునకు త్రవ్వుకొందురుగాక యని కోరుచున్నాము.