గాలి నడిచే దారి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు వేసవి ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేసవికి ఏమాత్రం తీసిపోదు. డాలస్ నగరంలో జూలై, ఆగస్టు నెలలలో పగటి ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం సాధారణం. ఎండను తట్టుకొనే విధానంలో మాత్రం భేదం ఉంది. పాత మండువా ఇళ్ళకు మందపాటి గోడలు, గాలి ఆడే కిటికీలు, నడుమ తెరచిన ఆకాశం ఉండేవి. డాలస్ ఇళ్ళకు చెక్క చట్రంపై కట్టిన పలుచని గోడలు, వేసవి పొడుగునా మూసి ఉండే కిటికీలు ఉంటాయి. ఇంటినంతటినీ చల్లబరిచే భారం తరచుగా ఒకే ఒక యంత్రంపై ఉంటుంది. దాని నుండి వచ్చే గాలి మందగిస్తే ఇల్లు కొద్ది గంటలలోనే వేడెక్కుతుంది. ఉద్యోగాలు చేసే పిల్లలను చూడటానికి స్వదేశం నుండి వెళ్ళి, పగలంతా ఇంటిలోనే గడిపే వృద్ధులకు అటువంటి రోజున గదిలో కూర్చొని ఉండగానే వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

ఈ యంత్రం పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు. 1902లో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం దీనికి రూపకల్పన చేశాడు. గాలిలోని తేమకు కాగితం సాగి, ఆరినప్పుడు ముడుచుకొనేది. అందువల్ల రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కుదిరేవి కావు. చల్లని గొట్టాల చుట్ట మీదుగా గాలిని పంపి, అందులోని తేమను తగ్గించడం కారియర్ కనుగొన్న ఉపాయం. నేటి ఇళ్ళలోని యంత్రాలకు కూడా మూలసూత్రం అదే. గొట్టాలు ఎంత చల్లగా ఉన్నా వాటి మీదుగా తగినంత గాలి సాగకపోతే ఆ చల్లదనం గదికి చేరదు.

గాలి మార్గాన్ని క్రమంగా గమనిస్తే లోపాన్ని గుర్తించడం సులభమవుతుంది. ఇంటిలోని వెచ్చని గాలిని గోడలోగాని, పైకప్పులోగాని అమర్చిన పెద్ద జాలీ లోపలికి లాగుకొంటుంది. ఆ గాలి ఫిల్టరు గుండా వడపోతకు లోనై యంత్రాన్ని చేరుతుంది. అక్కడ బ్లోయరు అనే పెద్ద పంకా, కాయిలు అనే చల్లని గొట్టాల చుట్ట ఒకే పెట్టెలో ఉంటాయి. చల్లబడిన గాలి అటకపై పరచిన డక్టుల ద్వారా ఒక్కొక్క గదికి వెళ్ళి, చిన్న జాలీల నుండి వెలువడుతుంది. ఒక టన్ను సామర్థ్యానికి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి అవసరమని ఈ రంగంలోని వారి లెక్క. మూడు టన్నుల యంత్రానికి 1200 ఘనపుటడుగులు కావాలి. అంటే పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల ఎత్తు గల గదిలోని గాలి అంతా ఒక్క నిమిషంలో ఆ పెట్టె గుండా సాగిపోవాలి.

కాలువ చివరి భూములకు నీరందనప్పుడు రైతు ముందుగా ఒక విషయం విచారిస్తాడు: నీరు కాలువంతటా తగ్గిందా, తన పంట బోదెకు మాత్రమే తగ్గిందా? ఇక్కడ వేయవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే. అన్ని గదులలోను గాలి బలహీనంగా ఉంటే లోపం ఫిల్టరు, కాయిలు, బ్లోయరు ఉన్న ప్రధాన మార్గంలో ఉండవచ్చు. ఒక గదిలో మాత్రమే తగ్గితే ఆ గదికి వెళ్ళే డక్టును అనుమానించాలి.

ప్రధాన మార్గంలో మొదట పరీక్షించవలసినది ఫిల్టరు. అది చాలా చవకైన వస్తువు. ఎక్కువ మంది మరచిపోయే వస్తువు కూడా అదే. దానిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినప్పుడు వెలుగు కనిపించకపోతే మార్చవలసిందే. పలుచని ఫిల్టరు సామాన్యంగా ఒకటి నుండి మూడు నెలలు పనిచేస్తుంది. దాని అంచుపై ఉన్న బాణం గుర్తు గాలి సాగే దిశను, అంటే యంత్రం వైపును చూపాలి. ధూళి ఎంత సూక్ష్మంగా వడగడితే అంత మేలని కొందరు మిక్కిలి దట్టమైన ఫిల్టరును కొంటారు. సంకల్పం మంచిదే. కాని అంత నిరోధాన్ని ఉద్దేశించి నిర్మించని యంత్రానికి అది ముక్కు మూసినట్లే అవుతుంది. కొత్త ఫిల్టరు పెట్టిన రోజు నుండే గాలి తగ్గిందంటే కారణం వేరే వెదకనక్కరలేదు.

జాలీల విషయంలోను ఇటువంటి పొరపాటు జరుగుతుంది. వాడని గదులలో జాలీలు మూసివేస్తే విద్యుత్తు ఆదా అవుతుందని పలువురి నమ్మకం. బ్లోయరుకు ఆ సంగతి తెలియదు. అది అంతే గాలిని తోయాలని ప్రయత్నిస్తుంది. డక్టులలో ఒత్తిడి పెరిగి, అతుకుల సందుల నుండి గాలి బయటకు పోతుంది. సోఫా వెనుక దాగిన జాలీ వల్ల కూడా నష్టమే. గాలిని వెనుకకు లాగే జాలీ హాలులో ఒక్కటే ఉన్న ఇంటిలో పడకగది తలుపు గట్టిగా మూస్తే, గదిలోకి వచ్చిన గాలికి తిరిగి వెళ్ళే దారి ఉండదు. తలుపు కొద్దిగా తెరిచినప్పుడు జాలీ నుండి గాలి వేగం పెరిగితే సమస్య అక్కడే ఉందని తెలుస్తుంది.

గాలి తగ్గడం వల్ల కలిగే విచిత్రమైన ఫలితం మంచు. కాయిలు సాధారణంగా నీరు గడ్డకట్టే స్థాయికి కొద్ది డిగ్రీల పైన పనిచేస్తుంది. వెచ్చని గాలి చాలినంత తగలకపోతే దాని ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటె కిందికి దిగుతుంది. గాలిలోని తేమ దానిపై మంచుగా పేరుకొంటుంది. ఆ మంచు గాలికి మరింత అడ్డుపడుతుంది. గాలి తగ్గిన కొద్దీ మంచు పెరుగుతుంది. లోపల మంచుగడ్డ తయారవుతుండగా ఇల్లు మాత్రం ఉడికిపోతుంది. ఇంటివారు ఇంకా చల్లగా కావాలని థర్మోస్టాట్‌ను తగ్గిస్తారు. అప్పుడు యంత్రం ఆగకుండా నడిచి, పరిస్థితి మరింత విషమిస్తుంది. చేయవలసినది దీనికి విరుద్ధం. చల్లబరిచే పనిని పూర్తిగా ఆపి, పంకాను మాత్రమే నడవనివ్వాలి. మంచు కరగడానికి కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు రోజంతా పట్టవచ్చు. కత్తితోగాని స్క్రూడ్రైవరుతోగాని దానిని పెకలించరాదు. పలుచని గొట్టానికి రంధ్రం పడుతుంది. మంచు పట్టిన యంత్రాన్ని అలాగే నడిపితే ఆవిరి కావలసిన ద్రవం ద్రవంగానే కంప్రెసరును చేరవచ్చు. కంప్రెసరు వాయువును నొక్కగలదు, ద్రవాన్ని నొక్కలేదు. యంత్రంలో అత్యంత ఖరీదైన ఆ భాగం అలా దెబ్బతింటుంది.

చల్లదనం తగ్గగానే “గ్యాసు అయిపోయింది” అనే మాట హైదరాబాదులోను, డాలస్‌లోను వినిపిస్తుంది. వాడుకలో గ్యాసు అని పిలిచే రిఫ్రిజిరెంటు వంటగ్యాసు వలె ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో అదే పదేపదే తిరుగుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. అది తగ్గినా కాయిలుపై మంచు పట్టవచ్చు. కావున ఫిల్టరు, జాలీలు సవ్యంగా ఉండీ మళ్ళీ మంచు పడితే నిపుణుని పిలవాలి. ఈ ద్రవ్యాన్ని నింపే పనికి అమెరికాలో చట్టప్రకారం ధ్రువీకరణ పత్రం అవసరం. బ్లోయరు మోటారు, దాని కెపాసిటరు కూడా అతని పనే. విద్యుత్తు ఆపిన తరువాత కూడా కెపాసిటరులో ఆవేశం నిలిచి ఉండి షాకు కొడుతుంది.

ఒక గదికే గాలి తగ్గినప్పుడు అటక ఎక్కక తప్పదు. టెక్సాస్ వేసవి మధ్యాహ్నం అటకలో వేడి 50 డిగ్రీలను మించగలదు కాబట్టి తెల్లవారుజామున వెళ్ళడం క్షేమం. చెక్క దూలాలపై తప్ప మరెక్కడా అడుగు వేయరాదు. వంగే డక్టు ఏదో పెట్టె కింద నలిగి ఉండవచ్చు, మెడ విరిచినట్లు వంగి ఉండవచ్చు, అతుకు ఊడి చల్లని గాలినంతా అటకకే ధారపోస్తూ ఉండవచ్చు. సగటు అమెరికా ఇంటిలో డక్టులలో సాగే గాలిలో 20 నుండి 30 శాతం ఇలా వృథా అవుతుందని అక్కడి ప్రభుత్వ ఇంధన పొదుపు పథకం ఎనర్జీ స్టార్ అంచనా. అతుకులను మూయడానికి మాస్టిక్ అనే లేపనం మేలైనది. వస్త్రం, రబ్బరు జిగురుతో చేసిన డక్ట్ టేపు ఈ పనికి పనికిరాదని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 1998లో వెల్లడించారు. పేరులోనే డక్టు ఉన్న వస్తువు డక్టుల వేడికి ఓర్వలేకపోయింది.

ఇవన్నీ సరిచేసినా గాలి పెరగకపోతే డక్టులే ఇరుకైనవి కావచ్చు. అటువంటి ఇంటిలో మరింత పెద్ద యంత్రం కొనమని సలహా ఇచ్చేవారుంటారు. ఆ సలహాను అంగీకరించే ముందు, డక్టులలోని గాలి ఒత్తిడిని కొలిచారా అని ఇంటి యజమాని అడగాలి. పెట్టెకు రెండు వైపుల చిన్న రంధ్రాలు చేసి, మానోమీటరుతో కొద్ది నిమిషాలలో తీసే కొలత అది. ఒత్తిడి యంత్రంపై ముద్రించిన పరిమితిని మించి ఉంటే, మార్చవలసినది డక్టులు.