బోర్డు తప్పా, ప్రాసెసర్ తప్పా? ఇంటెల్ 13, 14 జనరేషన్ క్రాష్‌ల అసలు కారణం

సెకండ్ హ్యాండ్‌లో ఐ7, ఐ9 గేమింగ్ పీసీ చవగ్గా వస్తోందని చూస్తున్నారా? అది ఇంటెల్ 13 లేదా 14వ జనరేషన్ అయితే, డబ్బులు ఇచ్చే ముందు ఈ ఎపిసోడ్ చూడండి. ఆల్రెడీ ఆ పీసీ వాడుతున్నవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం.

ముందు లక్షణాలు చెప్తాను. గేమ్ ఓపెన్ చేయగానే షేడర్లు కంపైల్ అవుతూ "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అని ఎర్రర్ వస్తుంది. పెద్ద జిప్ ఫైల్ ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే ఫైల్ పాడైందంటుంది. బ్లూ స్క్రీన్ కూడా రావచ్చు. వీడియో మెమరీ అనేసరికి అందరూ గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. కానీ చాలా కేసుల్లో తప్పు ప్రాసెసర్‌ది.

అసలేం జరిగిందంటే, 13వ జనరేషన్ 2022 అక్టోబర్‌లో, 14వది 2023 అక్టోబర్‌లో వచ్చాయి. క్రాష్‌లు ఎక్కువయ్యేసరికి మొదట అందరి వేళ్లూ మదర్‌బోర్డుల వైపే వెళ్లాయి. అందులో కొంత నిజం ఉంది. ఐ9-13900కె కి ఇంటెల్ చెప్పిన పవర్ లిమిట్ 253 వాట్లు. కొన్ని బోర్డుల్లో డీఫాల్ట్‌గానే 4096 వాట్లు అని పెట్టారు. అంటే లిమిట్ లేనట్టే!

కానీ కథ అక్కడ ఆగలేదు. నాకు ఎంత వోల్టేజ్ కావాలో ప్రాసెసరే బోర్డుని అడుగుతుంది, బోర్డు ఇస్తుంది. ప్రాసెసర్ లోపల నడిచే మైక్రోకోడే అవసరానికి మించి అడుగుతోందని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. హై వోల్టేజ్ వచ్చినప్పుడు ఇంట్లో బల్బు ఎలా ఉంటుంది? భలే వెలుగుతుంది, తొందరగా మాడిపోతుంది. ఇదీ అంతే. ఎక్కువ వోల్టేజ్, వేడి కలిసి కోర్ లోపలి క్లాక్ సర్క్యూట్‌ని ముందే ముసలిదాన్ని చేస్తాయి. అప్పుడు నిన్నటిదాకా సరిపోయిన వోల్టేజ్ ఇవాళ సరిపోదు. దీన్నే ఇంటెల్ "విమిన్ షిఫ్ట్" అంది.

పరిష్కారం బయోస్ అప్‌డేట్ల రూపంలో వచ్చింది. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్, ప్రాసెసర్ 1.55 వోల్టులు దాటి అడగకుండా ఆపింది. సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి, పీసీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎక్కువ అడిగే అలవాటుని సరిచేసింది. 2025 మేలో 0ఎక్స్12ఎఫ్ వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అప్‌డేట్ జబ్బుని ఆపుతుంది, జరిగిపోయిన డ్యామేజీని నయం చెయ్యదు. అందుకే "ప్రస్తుతానికి బానే ఉంది కదా" అని వాయిదా వెయ్యకండి. బానే ఉన్నప్పుడే చెయ్యాలి.

ఇప్పుడు చెయ్యాల్సినవి. బోర్డు కంపెనీ సైట్ నుంచి కొత్త బయోస్ వెయ్యండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు, కాబట్టి యూపీఎస్ మీద పెట్టి చెయ్యండి. తర్వాత "ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్" ఎంచుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో యాప్‌లో మైక్రోకోడ్ నంబర్ చూసుకోండి.

అయినా క్రాష్ అవుతోందా? ర్యామ్ ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి ఒకసారి చూడండి. ఆగకపోతే పెర్ఫార్మెన్స్ కోర్ల స్పీడ్ కొంచెం తగ్గించండి. దాంతో క్రాష్‌లు ఆగితే ప్రాసెసర్ డ్యామేజ్ అయి ఉండే ఛాన్స్ ఎక్కువ. స్పీడ్ తగ్గించుకుని సర్దుకుపోకండి, వారంటీకి వెళ్లండి. బాక్స్‌లో కొన్న ప్రభావిత మోడళ్లకి ఇంటెల్ వారంటీని 3 నుంచి 5 ఏళ్లకు పెంచింది. షాపువాళ్లు అసెంబుల్ చేసి ఇచ్చిన ట్రే ప్రాసెసర్ అయితే, మీకు అమ్మినవాళ్లనే అడగాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బిల్లు, బాక్స్ రెండూ అడగండి. మీ ముందే ఒక పెద్ద గేమ్ ఓపెన్ చేయించండి, జిప్ ఫైల్ ఎక్స్‌ట్రాక్ట్ చేయించండి. "బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశారు బ్రో?" అని అడగండి. అమ్మేవాళ్లు నీళ్లు నమిలితే, ఆ డీల్ వదిలెయ్యండి.