ప్రాజెక్టులో 99 శాతం వచ్చిందంటే నమ్మాలా?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీల్లో సీఎస్‌ఈ చదివే పిల్లలు ఫైనల్ ఇయర్‌కు వచ్చేసరికి ఇంట్లో ఒక కొత్త ఖర్చు మాట మొదలవుతుంది. "అబ్బా, ప్రాజెక్టుకు డబ్బులు కావాలి." దేనికో అబ్బాకు అర్థం కాదు, అడిగితే "మెషిన్ లెర్నింగ్" అంటారు.

మామూలు సాఫ్ట్‌వేర్‌లో నియమాలన్నీ మనిషే రాస్తాడు. కిరాణా కొట్టు లెక్కల యాప్ ఉందనుకోండి, సరుకు అమ్మితే స్టాకు తగ్గాలి, అప్పిస్తే ఖాతాలో ఎక్కాలి. ఇదంతా ముందే రాసి పెట్టొచ్చు. కానీ టమోటా ఆకుకు తెగులు ఉందా లేదా అన్నదానికి అలా నియమం రాయడం కష్టం. అందుకే వేల ఫోటోలు, ఒక్కోదానికి జవాబు జోడించి, కంప్యూటర్‌కు చూపిస్తారు. తేడా ఏంటో అదే పట్టుకుంటుంది. ఆ తర్వాత అది ఎప్పుడూ చూడని ఫోటోలు ఇచ్చి పరీక్ష పెడతారు. నూటికి ఎన్ని సరిగ్గా చెబితే అంత శాతం.

ఆకు తెగులు గుర్తించే ప్రాజెక్టు చాలామంది చేసేదే. అందుకు ఎక్కువగా వాడేది ప్లాంట్‌విలేజ్ అనే ఉచిత ఫోటోల సేకరణ. 2016లో మహంతి, హ్యూస్, సలాథే అనే పరిశోధకులు అందులోని 14 పంటల 54,306 ఫోటోలతో 99.35 శాతం సాధించారు. వాళ్లే ఇంకో మాట కూడా రాశారు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అది 31 శాతం దగ్గరికి పడిపోయింది! కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ సేకరణలోవి కోసిన ఆకును సాదా కాగితం మీద పెట్టి తీసిన ఫోటోలు. చేలో ఎండ, దుమ్ము, వెనక ఇంకో పది ఆకులు ఉంటాయి.

ఇంకో తిరకాసు ఉంది. ఆ సేకరణలో ఒకే ఆకుకు రెండు మూడు ఫోటోలు కూడా ఉన్నాయి. ఒకటి నేర్పడానికి, ఇంకోటి పరీక్షకు వెళ్లిందంటే పేపర్ లీకైనట్టే. ఆ పరిశోధకులు జాగ్రత్తపడి ఒకే ఆకు ఫోటోలన్నీ ఒకే వైపు ఉంచారు. కుర్రాళ్లు చాలాసార్లు ఇది చూసుకోరు.

పైగా ఆ 14 పంటల్లో టమోటా ఉంది గానీ మామిడి లేదు, వేరుశనగ లేదు. చిత్తూరు వైపు రైతుకు కావాల్సింది తోతాపురి సంగతి. బంగారుపాళెం దగ్గర తోటల్లో తిరిగి మూడు నాలుగు వందల ఫోటోలు తీసి, ఏ ఆకుకు ఏ తెగులో తిరుపతి ఎస్వీ అగ్రికల్చరల్ కాలేజీలో తెలిసినవాళ్లను అడిగి రాసుకున్న విద్యార్థికి 70 శాతమే రావచ్చు. అయినా సరే, కొని తెచ్చిన 99 కన్నా అదే విలువైన పని.

కొని తేవడం అన్నది ఊరికే అన్న మాట కాదు. కోడ్, రిపోర్టు కలిపి రెడీమేడ్‌గా అమ్మే ప్రాజెక్టు సెంటర్లు ఉన్నాయి. ఇంటి నుంచి అడిగిన డబ్బు చాలాసార్లు పోయేది అక్కడికే. నిజానికి పైథాన్, టెన్సర్‌ఫ్లో ఉచితం. గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి చిన్నపాటి పనికి ఖరీదైన లాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఇంటర్వ్యూలో "మీ మోడల్ ఎక్కడ తప్పుతోంది?" అని అడిగితే కొన్నవాడు నోరు మెదపలేడు. అదే ప్రశ్న అన్నం తినేటప్పుడు అమ్మీ అడిగినా తేలిపోతుంది. ఫోటోలు ఎక్కడివి, ఎవరు తీశారు అని కూడా అడగొచ్చు. దానికి ఇంజనీరింగ్ చదివి ఉండాల్సిన పని లేదు.

చేయడానికి సబ్జెక్టు కోసం దూరం పోనక్కర్లేదు కూడా. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఉర్దూకు ఉంది, తెలుగుకు ఉంది, మన ఇళ్లలో మాట్లాడే దక్కనీకి విడిగా లేదు. నానీమా "నక్కో", "హౌ" అంటూ మధ్యలో తెలుగు మాటలు కలిపి మాట్లాడేది, ఆమె ఒప్పుకుంటే, గంటసేపు రికార్డు చేసి, ఉర్దూ వాయిస్ టైపింగ్ అందులో ఎన్ని మాటలు తప్పు రాసిందో లెక్కపెట్టినా అది ఒక ప్రాజెక్టే.