డచ్చి పదనిర్మాణం: తెలుగు అధ్యేతకు దగ్గరి దారి

విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయల అనుమతితో డచ్చివారు 1610లో పులికాట్‌లో వర్తకానికి స్థిరపడ్డారు. అక్కడ మతబోధకుడిగా పనిచేసిన అబ్రహాం రొజేరియస్ ఈ ప్రాంతపు ఆచారాలను గురించి రాసిన గ్రంథం 1651లో లైడెన్‌లో అచ్చయింది. భర్తృహరి సుభాషితాలు యూరపు భాషలోకి వెళ్లింది ఈ పుస్తకంతోనే. అయినా దక్షిణ రాయలసీమ చరిత్రపై పనిచేసే పరిశోధకులు డచ్చి ఆధారాలను సాధారణంగా ఆంగ్లానువాదాల్లోనే చూస్తారు. అనువాదం కాని పత్రాలు వారి పరిశీలనలోకి రావు. డచ్చి నేర్వడానికి ఆంగ్ల వ్యాకరణమే ఆధారమనుకోవడం ఇందుకు ఒక కారణం. సంస్కృతాంధ్ర వ్యాకరణాలు చదివినవారికి అంతకంటె దగ్గరి దారి ఉంది.

డచ్చిలో సమాసాన్ని తెలుగులో లాగానే ఒకే పదంగా కలిపి రాస్తారు, ఉత్తరపదమే ప్రధానం. మన వాడుకలోని 'కక్కూసు'కు మూలమైన 'కక్‌హౌస్' ఇలాంటి తత్పురుషమే. 'హౌస్' అంటే ఇల్లు. పూర్వపదం ఆ ఇంటి ప్రయోజనాన్ని చెబుతుంది. (మాట మోటుదే గాని ఉదాహరణ శుద్ధమైనది.) కొన్ని సమాసాల్లో రెండు పదాల నడుమ ఒక వర్ణం చేరుతుంది. 'స్టాట్' (నగరం), 'మ్యూర్' (గోడ) కలిస్తే 'స్టాట్స్‌మ్యూర్'. 'బూక్' (పుస్తకం), 'కాస్ట్' (బీరువా) కలిస్తే 'బూకెన్‌కాస్ట్'. ఇల్లు 'ఇంటి'గా, ఏరు 'ఏటి'గా మారే ఔపవిభక్తిక ప్రక్రియ ఎరిగినవారికి ఇది కొత్త కాదు. అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. తెలుగులో ఇంటిగోడ అన్నా ఇంటిపేరు అన్నా 'ఇంటి' మారదు. డచ్చిలో నగరపు గోడకు 'స్' చేరుతుంది గాని నగరసభా భవనమైన 'స్టాట్‌హౌస్'కు చేరదు. ఏ సమాసానికి ఆ సమాసాన్ని కంఠస్థం చేయవలసిందే.

రొజేరియస్ గ్రంథనామంలోనే మరికొంత వ్యాకరణం దొరుకుతుంది. అందులోని 'హెయ్‌డెన్‌డొమ్' అన్యమతస్థులను తెలిపే 'హెయ్‌డెన్' మీద 'డొమ్' ప్రత్యయం చేరిన భావార్థక నామం. మన 'పెద్దరికం' వంటిది. 'వెర్‌బోర్ఖెన్' అంటే దాగిన. డచ్చి భూతకృదంతాలకు సాధారణంగా ముందు 'ఖె' చేరుతుంది. 'వెర్' వంటి విడిపోని ఉపసర్గ ఉంటే చేరదు. విడిపోయే ఉపసర్గ ఉంటే ఆ 'ఖె' ఉపసర్గకూ ధాతువుకూ నడుమ నిలుస్తుంది: లేవడానికి 'ఓప్‌స్టాన్', లేచిన అనడానికి 'ఓప్‌ఖెస్టాన్'. సంస్కృతంలో 'ఉపాగచ్ఛత్' అన్నప్పుడు అడాగమం వచ్చే స్థానం ఇదే. 'ఇక్ స్టా ఓప్' (నేను లేస్తాను) అనే ప్రధానవాక్యంలో ఉపసర్గ ధాతువును వీడి చివరికి పోతుంది. వేదభాషలో ఉపసర్గ క్రియకు దూరంగా నిలవడం తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఉపవాక్యంలో మాత్రం ఉపసర్గ తిరిగి క్రియను చేరుతుంది. క్రియ తెలుగులో లాగానే చివర నిలుస్తుంది. కాని 'అందువల్ల', 'అని' వంటి అర్థాలిచ్చే సంయోజకాలు తెలుగులో ఉపవాక్యం తరువాత వస్తే, డచ్చిలో ముందే వస్తాయి. కాబట్టి కుంఫిణీ లేఖల్లోని పొడవైన వాక్యాన్ని విప్పేటప్పుడు ముందు సంయోజకాన్నీ, వెంటనే చివరి క్రియనూ గుర్తించి, ఆ రెంటి నడుమ ఉన్న నామాలను తరువాత చదవడం మేలు.