డ్యూటీ చార్టు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం

కడప నుంచి పులివెందుల దారిలో యోగి వేమన విశ్వవిద్యాలయం దాటి ముందుకు పోతే పెండ్లిమర్రి వస్తుంది. కడప–బెంగళూరు కొత్త రైలు మార్గంలో పట్టాలు వచ్చి ఆగింది కూడా ఇక్కడే. చుట్టుపక్కల పల్లెల్లో జ్వరమొచ్చినా, తేలు కుట్టినా, నొప్పులు మొదలైనా ముందు గుర్తొచ్చేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ). అక్కడ కాదంటే కడప సర్వజన ఆసుపత్రి, లేదంటే పులివెందుల, ప్రొద్దుటూరు.

ఆసుపత్రి మంచిదా కాదా అన్నది మనం డాక్టరును బట్టే తేల్చేస్తాం. "ఏం సిస్టరమ్మా, సారు యాడికి పోయినాడు?" అన్నదే గుమ్మంలో మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పే మనిషి ఎన్ని గంటలుగా నిలబడి ఉందో, ఈ వారం ఆమెకు ఆఫ్ దొరికిందో లేదో ఎవరికీ పట్టదు. పని వాతావరణం అన్న మాట వినగానే కూడా చాలామందికి నర్సుల దినోత్సవం నాటి శాలువా, కేకు గుర్తొస్తాయి. మే 12న కేకు కోస్తే తప్పేం లేదు. అయితే వార్డులో పని ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే గోడకు అంటించిన డ్యూటీ చార్టు చూడాలి. ఈ విషయంలో మన ఊళ్లలో పాతుకుపోయిన అపోహలు చాలావరకు ఆ కాగితం ముందు నిలబడవు.

అపోహ: పీహెచ్‌సీలో ముగ్గురు స్టాఫ్ నర్సులున్నారు, మూడు షిఫ్టులకు ముగ్గురు సరిపోయారు కదా!

ఇది వినడానికి చక్కగా ఉంటుంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు స్టాఫ్ నర్సులు అన్నది మన రాష్ట్రంలో పెట్టుకున్న లెక్కే. ఇప్పుడు చార్టు తీయండి. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి 21. ముగ్గురికి పంచితే తలా ఏడు. అంటే వారంలో ఏడు రోజులూ డ్యూటీనే, వీక్ ఆఫ్ లేదు. గంటల్లో చూసినా తేడా లేదు. వారానికి 168 గంటలు, మనిషికి 56. ఒకామె బిడ్డకు జ్వరమొచ్చి వారమంతా సెలవు పెట్టిందంటే మిగతా ఇద్దరికీ 84 చొప్పున పడుతుంది.

వారానికి 48 గంటల పని అనుకుంటే, ఒక నర్సు కుర్చీ రాత్రింబగళ్లు ఖాళీ కాకుండా ఉండటానికి ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణలు, ప్రసూతి సెలవుల కోసం మరో 30 శాతం కలిపితే లెక్క నాలుగున్నర దాటుతుంది. ఇది కూడా నర్సు ఒక్కతే ఉన్న కుర్చీ సంగతి. ఒకవైపు కాన్పు నడుస్తుండగా మరోవైపు పాము కరిచిన మనిషిని మోసుకొస్తే ఎవరి దగ్గర నిలబడాలన్నది ఈ లెక్కలో లేదు.

కాబట్టి రాత్రి పది గంటలకు వెళ్తే తలుపు తీయడానికి ఆలస్యమైందనో, సిస్టరు విసుక్కుందనో ఫిర్యాదు రాసేవాళ్లు అదే కాగితం మీద ఇంకో ప్రశ్న కూడా రాయాలి: ఈ కేంద్రానికి మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, డిప్యుటేషన్ మీద వేరే చోటికి పోయినవాళ్లెందరు? డిప్యుటేషన్ చిత్రమైనది. పేరు ఒక ఊళ్లో, మనిషి ఇంకో ఊళ్లో. రిజిస్టరులో పోస్టు నిండే ఉంటుంది.

అపోహ: నిబంధన ప్రకారం ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి. మన దగ్గర పది మందికి ఒకరున్నారంటే నిబంధన మీరినట్టే.

నర్సుల పక్షాన మాట్లాడేవాళ్లు కూడా తరచూ పొరపడే చోటిది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రుల సాధారణ వార్డుల్లో 1:3, ఇతర ఆసుపత్రుల్లో 1:5, దాని మీద 30 శాతం లీవ్ రిజర్వు. ఇది మొత్తం నియామకాల లెక్క. మూడు షిఫ్టులకు పంచితే 1:3 కాస్తా షిఫ్టుకు తొమ్మిది మంది రోగులకు ఒక నర్సు అవుతుంది, 1:5 అయితే పదిహేను మందికి ఒకరు. అంటే నిబంధన తూచా తప్పకుండా పాటించిన వార్డులోనే ఒకామె చేతిలో పదిహేను మంది ఉంటారు. నిబంధన పాటించని చోట ఎంతమందో ప్రొద్దుటూరులో గానీ కడపలో గానీ మందుల వేళకు వార్డులోకి తొంగి చూస్తే తెలుస్తుంది. ఈ అపోహలో తప్పున్నది ఫిర్యాదులో కాదు. ప్రమాణమే అంత వదులుగా ఉంది.

కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి, 2004 నుంచి షిఫ్టుకు ఇంతమంది రోగులకు మించకూడదని గట్టిగా గీత గీసింది. అక్కడ సాధారణ మెడికల్, సర్జికల్ వార్డులో ఆ గీత అయిదు దగ్గరుంది. ఆ గీత ఎందుకు అవసరమో తెలియాలంటే, లిండా ఏకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనం చూడాలి. నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే, ఆపరేషను అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో చూసినా అదే 7 శాతం తేలింది. కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఆపరేషను తర్వాత బీపీ మెల్లగా పడిపోవడం, మూత్రం తగ్గడం, మనిషి మాట తడబడటం డాక్టరు రౌండ్ల వేళ చూసుకుని రావు. మంచం పక్కకు గంటకోసారి వచ్చే మనిషే వాటిని పట్టుకోవాలి. గంటకోసారి రావడానికి ఆమెకు తీరిక ఉండాలి.

అపోహ: నర్సింగ్ సేవ. సేవ చేసేవాళ్లు జీతం గురించి మాట్లాడకూడదు.

ఈ మాట ఎక్కువగా జీతం ఇవ్వాల్సినవాళ్ల నోటే వినిపిస్తుంది. ప్రొద్దుటూరు లాంటి వ్యాపార పట్టణంలో ప్రైవేటు నర్సింగ్ హోములకు కొదవ లేదు. వాటిలో ఎక్కువ చిన్నవే. ప్రైవేటు నర్సుల జీతాల మీద భారత శిక్షిత నర్సుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2016 జనవరిలో కోర్టు ఒక కమిటీ వేయమంది. డాక్టర్ జగదీశ్ ప్రసాద్ అధ్యక్షతన ఆ కమిటీ ఇచ్చిన సిఫారసులు ఇవి. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 దాటితే తేడా 10 శాతానికి మించకూడదు. 50 నుంచి 100 దాకా అయితే 25 శాతానికి మించకూడదు. 50 కన్నా తక్కువ పడకలున్న చోట కూడా నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదు. సెలవులు, పని గంటలు, రవాణా, వసతి ప్రభుత్వ ఉద్యోగులతో సమానంగా ఉండాలని కూడా ఆ కమిటీయే చెప్పింది.

అది పదేళ్ల నాటి 20 వేలు. సిఫారసును చట్టంగానో ఉత్తర్వుగానో మార్చాల్సింది రాష్ట్రాలే. కేరళలో నర్సులు సమ్మెకు దిగుతామని కూర్చుంటే 2018 ఏప్రిల్‌లో కనీస వేతనం 20 వేలుగా ప్రకటించారు. అడగకుండానే వచ్చిందేమీ కాదు. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదవడానికి అప్పు చేసిన ఇంటి పిల్లను "సేవ" అన్న ఒక్క మాటతో నోరు మూయించడం ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కాదు. డాక్టరు ఫీజు గురించి ఈ మాట ఎవరూ అనరు.

అపోహ: పొరపాట్లు రిపోర్టు కాని వార్డే మంచి వార్డు.

1990ల్లో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాలున్న వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహ. లెక్క తీస్తే తిరగబడింది. కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. కారణం వెతికితే తేలిందేమంటే, అక్కడ జరిగినదాన్ని భయం లేకుండా చెప్పుకుంటున్నారు. హెడ్ నర్సు కేకలేసే చోట దాచేస్తున్నారు.

మన వార్డుల్లో దీన్ని సూదితో పరీక్షించవచ్చు. ఇంజక్షను చేసి మూత పెడుతుంటే సూది ఒక నర్సమ్మాయి వేలికి గుచ్చుకుంది. ఆ అమ్మాయి ఎవరికి చెబుతుంది? హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు వీలైనంత తొందరగా మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే ఇక ప్రయోజనం ఉండదు. హెపటైటిస్ బి ప్రమాదం హెచ్ఐవీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, దానికి మాత్రం టీకా ఉంది. "చూసుకోకుండా ఏం చేస్తున్నావు?" అని మొదటి ప్రశ్న ఎదురైన చోట ఆ అమ్మాయి వేలు కడుక్కుని ఊరుకుంటుంది. గంటలు గడిచిపోతాయి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదని పోస్టరు అంటించడం సులువే. ఆ సూదులు వేసే పెట్టె చేతికి అందే దూరంలో ఉందా, అది నిండితే మారుస్తున్నారా అన్నది పోస్టరు చెప్పదు.

అపోహ: కొత్త భవనం కడితే పని వాతావరణం దానంతటదే మారుతుంది.

పులివెందులలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిని 2024 మార్చిలో ప్రారంభించారు. అదే ఏడాది సెప్టెంబరులో 50 ఎంబీబీఎస్ సీట్లు మంజూరైతే, సిబ్బంది, వసతులు చాలవంటూ ప్రభుత్వం వాటిని వద్దని లేఖ రాసింది. అది సబబా కాదా అన్న రాజకీయ వాదం అలా ఉంచితే, భవనం వేరు, దానిలో పనిచేసే మనుషులు వేరు అని జిల్లా అంతా కళ్లారా చూసింది.

అపోహ: రోగి బంధువులు చెయ్యి చేసుకుంటే సర్దుకుపోవాలి. చిన్న ఆసుపత్రిలో వేధింపులు ఎదురైతే చెప్పుకునే చోటే లేదు.

ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య సిబ్బంది మీద దాడులను అడ్డుకోవడానికి 2008లోనే చట్టం వచ్చింది. నర్సులకూ, నర్సింగ్ విద్యార్థులకూ అది వర్తిస్తుంది. దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. ఇది నాన్-బెయిలబుల్ నేరం. ఫిర్యాదు నర్సు ఒంటరిగా పోయి ఇవ్వాలా, సంస్థ ముందుండి ఇస్తుందా అన్న దగ్గరే చట్టం బలమో బలహీనతో తేలుతుంది. ఇక లైంగిక వేధింపుల విషయం. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. పది మంది లేని నర్సింగ్ హోములో పనిచేసే ఆమె జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. యజమాని మీదే ఫిర్యాదు అయినా దారి అదే.

అపోహ: ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లు. ఎంత చేసినా మంచి నర్సులు ఎలాగూ పోతారు.

కువైట్ వలసల మాట తెలియని ఇల్లు మన జిల్లాలో అరుదు కాబట్టి ఈ అపోహకు బలమెక్కువ. 1980ల మొదట్లో అమెరికాలోనూ నర్సులు దొరకక ఆసుపత్రులు అల్లాడాయి. అందరూ నర్సులు ఎందుకు పోతున్నారని అడుగుతుంటే, అమెరికన్ అకాడెమీ ఆఫ్ నర్సింగ్ ఇంకో ప్రశ్న వేసింది: కొన్ని ఆసుపత్రుల్లో ఎందుకు నిలుస్తున్నారు? అలాంటి 41 ఆసుపత్రులను 1983లో గుర్తించి మ్యాగ్నెట్ ఆసుపత్రులన్నారు. అక్కడ కనిపించినవి పాలరాతి నేలలు కావు. నర్సింగ్ అధికారి వార్డులో అందుబాటులో ఉంటుంది. నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర ఆమెకు కుర్చీ ఉంటుంది. డాక్టరు నర్సు మాట వింటాడు. షిఫ్టులు వేసేటప్పుడు వాళ్ల ఇబ్బంది అడుగుతారు.

మన దగ్గర వీటిలో వేటికి కోట్లు కావాలి? చార్టు నెల ముందే అంటించడానికి కాగితం చాలు. ఇద్దరు సిస్టర్లు షిఫ్టు మార్చుకోవడానికి ఒక పుస్తకం చాలు. షిఫ్టు మారేటప్పుడు పడక పడక దగ్గరా నిలబడి హ్యాండోవర్ ఇవ్వడానికి పావుగంట కావాలి, ఆ పావుగంట డ్యూటీలో భాగమని ఒప్పుకోవాలి. జమ్మలమడుగులో మిషనరీలు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి నూరేళ్ల కిందటే నడిచిన సీమ ఇది. నర్సు అనే ఉద్యోగం ఇక్కడ నిన్న మొన్న వచ్చింది కాదు.

లోపలి గొళ్లెం సరిగ్గా పడే మరుగుదొడ్డి, రాత్రి డ్యూటీలో కాసేపు నడుం వాల్చడానికి తాళం వేసుకునే గది, గేటు దగ్గర వెలిగే దీపం, రాత్రి ఎనిమిదికి షిఫ్టు దిగే ఆమె బస్సు స్టాండు దాకా చేరే ఏర్పాటు: వీటికి కొంచెం డబ్బు కావాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులున్నది ఇలాంటి వాటికే. ఆ సంఘం సమావేశాలకు ప్రజాప్రతినిధులు వస్తారు, డాక్టరు వస్తారు, టీ బిస్కెట్లు వస్తాయి. వచ్చే సమావేశానికి సీనియర్ సిస్టరును కూడా పిలిచి, గడిచిన మూడు నెలల డ్యూటీ చార్టులు తెమ్మని చెప్పండి. ఎన్ని ఆఫ్‌లు పోయాయో, ఎన్ని డబుల్ డ్యూటీలు పడ్డాయో ఆమె వేలు పెట్టి చూపించడానికి పది నిమిషాలు పడుతుంది.